కడుపునొప్పికి కొలమానము

లక్డీకాపూల్ నుండి ఖైరతాబాదు మీదుగా పంజగుట్టకు పోవు దారిలో పరీక్షల కాగితములు చేతబట్టుకొని ఆసుపత్రులకు పోవువారు ప్రతిదినము కనబడుచుందురు. పంజగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో జీర్ణకోశవ్యాధులకు ప్రత్యేక విభాగమే కలదు. ఇట్టి విభాగములకు వచ్చువారిలో కొందరిని కడుపునొప్పి, ఉబ్బరము, మలబద్ధము లేక విరేచనములు ఏండ్ల తరబడి వేధించుచుండును. అయినను రక్తపరీక్షలోగాని, ఎండోస్కోపీలోగాని ఏ దోషమును కానరాదు. "అంతయు నీ భ్రమ" అని ఇంటివారందురు. అది నిజముగా భ్రమయేనా?

ఈ ప్రశ్నకు సమాధానము కొలతలో లభించినది. 1973లో రిచీ అను ఆంగ్లేయ వైద్యుడు పెద్దప్రేగు చివరిభాగమున చిన్న బుడగనుంచి గాలితో ఉబ్బించి చూచెను. 60 మిల్లీలీటర్లకు ఆరోగ్యవంతులలో నూటికి 6గురికి నొప్పి కలుగగా, రోగులలో నూటికి 55 మందికి కలిగెను.

అయితే ప్రేగు కండరములు తంబురా తంతివలె ఎల్లప్పుడును కొంత బిగువుతో నుండును. గోడ బిగిసియున్నచో అదే గాలి ఎక్కువ ఒత్తిడిని కలిగించును. కావున బిగువును, స్పర్శజ్ఞానమును కలిపి కొలువవలెను. ఇందులకుపకరించునది బారోస్టాట్. 1985లో మేయో క్లినిక్‌కు చెందిన అజ్పిరోజ్, మలగెలాడా దీనిని మొదట జీర్ణాశయమునకై వర్ణించిరి. పిదప ప్రేగులకును వాడిరి. పలుచని సంచిలో ఒత్తిడి మారకుండ ఈ యంత్రము కాచును. కండరము బిగిసిన గాలిని వెనుకకు తీయును. సడలిన మరికొంత నింపును. ఆ గాలి పరిమాణమే బిగువునకు కొలత.

తరువాత ఒత్తిడిని మార్చుచు, ఎప్పుడు తెలిసినది, ఎప్పుడు విసర్జనకు తొందర కలిగినది, ఎప్పుడు నొప్పి పుట్టినది అని రోగినడుగుదురు. రోగి ముందుగా ఊహించి భయపడకుండ ఒత్తిళ్లను వరుస తప్పించి ఇత్తురు. పెక్కుమంది రోగులకు తక్కువ ఒత్తిడికే నొప్పి కలుగును, అందరికిని కాదు. అందుచే ఇది ముఖ్యముగా పరిశోధనకే ఉపయోగపడుచున్నది. సాధారణముగా వైద్యులు రోగలక్షణములను విచారించియే వ్యాధిని నిర్ణయింతురు.

మనోవ్యాకులత ఇందు పాత్ర వహించదా? వహించును. కాని రేడియోలో ధ్వనిని పెంచు మర పాటను సృష్టించదు. వచ్చుచున్న పాటనే బిగ్గరగా వినిపించును. వ్యాకులతయు ప్రేగునుండి మెదడునకు పోవు వార్తను అట్లే హెచ్చించును.

మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత కనబడినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. అవి లేకున్నను, పరీక్షలు బాగున్నవను మాటకు నొప్పి లేదని అర్థము కాదు. ఇంటిలో నొప్పియన్నవారి మాటను మనము మొదట నమ్ముదము.