ఆటపెట్టెల వాడుకపేరులు

మన పల్లెలలో బిడ్డకు రెండు పేరులు కలుగుట సాధారణము. బారసాలనాడు పెద్దలు పెట్టునది మొదటిది. వీథిలో తోడిపిల్లలు పిలుచునది రెండవది. బడి పట్టికలో మొదటి పేరే యుండును. కాని యా పిల్లవానిని వెదకుచు ఊరికి వచ్చినవాడు రెండవ పేరు చెప్పిననే ఇల్లు దొరకును. వస్తువులకును ఇట్లే చేసినవారు పెట్టిన పేరొకటి, వాడినవారు పెట్టిన పేరొకటి యుండును. నలువది యేండ్ల క్రిందట లోకమంతట వ్యాపించిన ఆటపెట్టెల విషయమున ఇది చక్కగా కనబడుచున్నది.

ఆటపెట్టె యనగా టీవీకి తగిలించి వీడియో ఆటలాడు యంత్రము. ఇంగ్లీషున దీనిని కన్సోల్ అందురు. పాతకాలపు పెట్టెలలో ఆట పెట్టెయందుండెడిది కాదు. అరచేతియంత ప్లాస్టిక్ బిళ్లలో వేఱుగా నుండెడిది. ఆ బిళ్లను పెట్టె నోట గ్రుచ్చి, మీటలను చేతబట్టి, తెరపై బొమ్మలను పరుగెత్తించెడివారు.

ఇక నా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. 1990 తరువాతి సంవత్సరములలో హుకుంపేట ప్రాంతమున నేను తెలుగు బోధించుచుంటిని. వేసవి సెలవులను గూర్చి వ్యాసము వ్రాయుడనగా, ఒక బాలుడు విశాఖపట్టణమున మేనమామ యింట "మేరియో పెట్టె" ఆడితినని వ్రాసెను. నేను ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన "వీడియో క్రీడాయంత్రము" అని దిద్దితిని. బాలుడు కొంతసేపు దానిని చూచి, "మాష్టారూ, ఈ పేరు చెబితే మా మావయ్యకు కూడా తెలియదండీ" అనెను. తరగతి నవ్వెను. నేను మందలించి కూర్చుండబెట్టితిని. పిమ్మట చాల యేండ్లకు గాని వాని మాటలోని న్యాయము నాకు బోధపడలేదు.

వాడు చేసిన పని శబ్దశాస్త్రమునకు క్రొత్తది కాదు. "ఊరంతయు పెండ్లికి వచ్చినది" అందుము. వచ్చినవి ఇండ్లును చెట్లును గావు, ఊరిలోని జనులు. సంబంధము నాశ్రయించి ఒకదాని పేరు వేఱొకదానికి పెట్టుటను పండితులు లక్షణ యందురు. మేరియో యనునది 1985లో వెలువడిన ఒక ఆటలోని మీసాల బొమ్మ. పెట్టెలో నాడు బొమ్మ పేరు పెట్టెకు వచ్చినది. ఇందు తప్పేమి?

ఆ ఆటను చేసినది జపాను దేశపు నింటెండో సంస్థ. వారి పెట్టె 1983 జూలై 15వ తేదీన అంగళ్లకు వచ్చెను. దానికి వారు పెట్టిన పేరు "ఫ్యామిలీ కంప్యూటర్". ఆ యంత్రమును రూపొందించిన మసయుకి ఉయేమురా భార్య, దీనిని కుదించి "ఫామికామ్" అన్న బాగుండునని మొదటనే చెప్పెనట. పెద్దలు అంగీకరింపలేదు. పైగా ఆ పొట్టిపేరును షార్ప్ అను మఱియొక సంస్థ తన పొయ్యి యొకదానికి నమోదు చేసికొనియుండెను. కాని బాలురకు ఈ నమోదులతో పనియేమి? వారు ఫామికామ్ అనియే పిలిచిరి. 1990లో రెండవ పెట్టెను విడుదల చేయునపుడు సంస్థవారే దానికి "సూపర్ ఫామికామ్" అని పేరు పెట్టిరి. వీథిపేరు పట్టికలోని కెక్కినదన్నమాట. అంతటితో నాగక, జపాను పిల్లలు ఆ క్రొత్తపేరును గూడ త్రుంచి "సుఫామి" అనిరి.

కుదించుట ఒక మార్గము. ఒక్క సంస్థ పేరును జాతికంతటికి పెట్టుట రెండవ మార్గము. మన యిండ్లలో ఏ వనస్పతి నూనెయైనను డాల్డాయే. ఏ యంత్రముపై నకలు తీసినను జిరాక్సే. అట్లే ఇరాను మొదలగు దేశములలో ఎవరు చేసిన ఆటపెట్టెయైనను "అటారి" అయినది. అటారి 1977లో అమెరికాలో పెట్టెను విడుదల చేసిన సంస్థ. రష్యాలో 1992లో ఫామికామ్‌ను పోలిన నకలు పెట్టె యొకటి "డెండి" అను పేరుతో వచ్చెను. ఆ తరమువారికి ఆటపెట్టె యనిన డెండియే. పోలెండు దేశమున అట్టి నకలే "పెగసస్" అయ్యెను. యంత్రము ఒకటే, పేరులు మూడు. ఏ పేరు వినబడినచో ఆ పెట్టె ఏ దారిన ఏ దేశము చేరినదో తెలియుచున్నది.

ఆకారమును బట్టి పిలుచుట మూడవ మార్గము. నింటెండో పెట్టె 1985లో అమెరికాకు పోయినపుడు దాని రూపు మారెను. ముందువైపు మూత తెఱచి, బిళ్లను లోనికి నెట్టి, క్రిందికి నొక్కవలెను. రొట్టెముక్కలు కాల్చు యంత్రమును తలపించుటచే దానిని "టోస్టర్" అనిరి.

నాలుగవది వింతయైన మార్గము. సోనీ సంస్థ 2000లో "ప్లేస్టేషన్ 2" ను వెలువరించెను. 2004లో అదియే పలుచని రూపున వచ్చెను. అంతవరకు ఏ విశేషణమును లేని పాతపెట్టె ఆనాటినుండి "ఫ్యాట్", అనగా లావుపెట్టె, అయినది. అది లావెక్కలేదు, ప్రక్కన సన్ననిది నిలిచినది. మన సంతలోను ఇట్లే జరిగినది. పూర్వము కోడి యనిన కోడియే. ఫారము కోళ్లు వచ్చిన పిమ్మట మన పెరటికోడి "నాటుకోడి" యయ్యెను.

మన దేశమునకు నింటెండో పెట్టె "సామురాయ్" అను పేరుతో వచ్చెను. దానికంటె చౌకయైన నకలు పెట్టెలే ఎక్కువ యిండ్లు చేరెను. వానికి మనవారు "టీవీ గేము", "వీడియో గేము" అనిరి. ఆటబిళ్లను "కేసెట్టు" అనిరి. నిజమునకు దానిలో పాటల కేసెట్టులోవలె చుట్టబడిన నాడా లేదు. ఆటను శాశ్వతముగా నిలుపుకొన్న చిన్న చిప్పు మాత్రమే యున్నది. అయినను ఒక యంత్రములో పెట్టి తీయు ప్లాస్టిక్ బిళ్ల యనగా అప్పటికే అందఱకు తెలిసినది కేసెట్టు. తెలిసినదాని పేరుతో తెలియనిదానిని పట్టుకొనిరి. జపాను పిల్లలు గూడ దానిని "కసెట్టో" అనియే పిలిచిరి. ఒకరినొకరు చూడని బాలురకు ఒకే యూహ తోచినది.

ఈ పేరులతో నేడేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. ఫామికామ్ తయారీ 2003లోను, ప్లేస్టేషన్ 2 తయారీ 2013లోను నిలిచిపోయినవి. పెట్టెలు అటకలపై చేరినవి. కాని నలుబదియేండ్లు దాటిన వారిని "మీరు ఫ్యామిలీ కంప్యూటర్ ఆడితిరా?" యని యడిగిచూడుడు; చాలమంది తల యడ్డముగా నూపుదురు. "మేరియో కేసెట్టు ఆడితిరా?" యని యడుగుడు; వారి ముఖము వికసించును. ఎవరి యింట ఆడినది, ఎవరు గెలిచినది, టీవీ చెడునని అమ్మ ఏమని తిట్టినది, అన్నియు బయటికి వచ్చును. ఆ జ్ఞాపకములకు తాళపుచెవి ఆ వాడుకపేరే.

బాలలారా! మన హుకుంపేట సంతలో తెలుగుతోపాటు కువి, ఆదివాసి ఒడియా భాషలు వినబడును. మీ అవ్వ ఒక గింజకు, ఒక దుంపకు, ఒక పనిముట్టుకు చెప్పు పేరు పుస్తకమున కనబడకపోవచ్చును. తరగతిలో నవ్వుదురేమోయని దానిని దాచుకొనకుడు. పుస్తకపు పేరును నేర్చుకొనుడు. పరీక్షకు, దూరపువారితో మాటలాడుటకు అది కావలయును. ఇంటిపేరును దాని ప్రక్కనే వ్రాసియుంచుడు. ఆ గింజను గూర్చి అవ్వను అడుగవలెనన్న అదియే కావలయును.

ఆ బాలుని వ్యాసము నేడు నాయొద్ద లేదు. ఉన్నచో ఆ ఎఱ్ఱగీతను చెఱిపి, "మేరియో పెట్టె" ను ఉన్నచోటనే యుంచి, ప్రక్కన చిన్న అక్షరములతో "దీనిని వీడియో ఆటల యంత్రమనియు అందురు" అని మాత్రము వ్రాసెడివాడను.