అరుదైన రోగాల మందులు: వాటాలు కొనేముందు

సికింద్రాబాదు: మోండా మార్కెట్టులో సరుకుకు కొనేవారు వేలల్లో ఉంటారు. అరుదైన రోగాల మందులకు అలా కాదు. రోగులు కొద్దిమంది, ధర లక్షల్లో. కనుక ఇట్టి కంపెనీల వాటాలు కొనదలచినవారు మూడు విషయాలు విచారించుకోవాలి: రోగులెందరు, సొమ్ము చెల్లించేదెవరు, పోటీ లేని కాలమెంత.

అమెరికాలో 1983 చట్టం ప్రకారం, 2 లక్షల మందికి లోపు సోకే రోగానికి కొత్త మందు తెచ్చిన కంపెనీకి 7 సంవత్సరాల గుత్తహక్కు లభిస్తుంది. మన దేశంలో పేటెంటే ఆధారం. అదీ కోర్టులో నిలవాలి. కండరాలు క్షీణించే ఎస్.ఎం.ఎ. రోగానికి వాడే రిస్డిప్లామ్ సీసా ధర సుమారు 6 లక్షల రూపాయలుండేది. 2025 అక్టోబరులో రోష్ కంపెనీ అప్పీలును ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చాక, హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా 15,900 రూపాయలకే దానిని విడుదల చేసింది. రోగులకిది ఊరట, గుత్తహక్కును నమ్ముకున్న మదుపుదార్లకు హెచ్చరిక.

చౌక మందు తెచ్చే కంపెనీకీ ఒడుదుడుకులు తప్పవు. రక్త క్యాన్సరు మందు లెనాలిడోమైడ్‌ను 2026 జనవరి దాకా అమెరికాలో ఒప్పందం మేరకు పరిమితంగానే అమ్మే వీలుండేది. ఆ పైన పోటీకి హద్దు లేదు. అప్పట్లో నాట్కో లాభాల్లో దీనిది పెద్ద వాటాగా ఉండేది. 2024 అక్టోబరు-డిసెంబరు లాభం, అంతకుముందేడాది ఇదే కాలపు 213 కోట్ల నుంచి 132 కోట్లకు తగ్గగా, వాటా ధర ఒక్కరోజులో దాదాపు అయిదో వంతు పడిపోయింది.

ఒక్క మందుపై వచ్చిన లాభాన్ని ఏటా వచ్చే పంటగా లెక్కించరాదు.