హెచ్‌ఐవీకి ఆన్ స్విచ్ ఇదే.. ఆర్‌ఎన్‌ఏలో మూడక్షరాల ‘ఉబ్బు’!

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ మందులు వేసుకుంటే రక్తంలో వైరస్ టెస్టుకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. మందులు ఆపేస్తే మాత్రం చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. కారణం.. వైరస్ కొన్ని కణాల్లో మన డీఎన్‌ఏలోనే కలిసిపోయి నిద్రపోతుంటుంది. అది మళ్లీ జోరందుకోవాలంటే ‘టాట్’ అనే చిన్న వైరస్ ప్రోటీన్ కావాల్సిందే.

అసలేం జరుగుతుందంటే.. వైరస్ జన్యువులను మన కణంలోని ఎంజైమే ఆర్‌ఎన్‌ఏగా కాపీ చేస్తుంది. కానీ మొదలెట్టిన కాసేపటికే ఆగిపోతుంది. అప్పటికే బయటికొచ్చిన మొదటి 59 అక్షరాలు హెయిర్‌పిన్‌లా మడత పడతాయి. దీని పేరు ‘టార్’. టాట్ వచ్చి పట్టుకునేది దీన్నే.

కణంలో వేల రకాల ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి కదా, టాట్ దీన్నే ఎలా గుర్తుపడుతుంది? అక్షరాలను వరసగా చదివి కాదు, ఆకారం చూసి! మడతలో అక్షరాలు జతకడతాయి. టార్‌లో మూడింటికి (యూ, సీ, యూ) మాత్రం జత దొరకదు. అక్కడ చిన్న ఉబ్బు వస్తుంది. మామూలుగా జంటపోగు ఆర్‌ఎన్‌ఏలో గాడి లోతుగా, ఇరుకుగా ఉంటుంది. ప్రోటీన్‌ వేలు దూరదు. ఈ ఉబ్బు దగ్గర గాడి తెరుచుకుంటుంది.

టాట్‌లో ఒకచోట వరసగా 9 అమైనో ఆమ్లాలుంటే అందులో 6 ఆర్జినిన్‌లే. వీటిది పాజిటివ్ చార్జ్, ఆర్‌ఎన్‌ఏది నెగెటివ్. అంటే ఏ ఆర్‌ఎన్‌ఏకైనా కొంత అతుక్కుంటుంది. గట్టి పట్టు దొరికేది మాత్రం ఇక్కడే. ఉబ్బు పక్కనున్న ‘జీ’ అక్షరాన్ని, ఆర్‌ఎన్‌ఏ వెన్నెముకను ఒక ఆర్జినిన్ ఫోర్క్‌లా పట్టేస్తుంది. ఉబ్బులోని మొదటి ‘యూ’ను మారిస్తే చాలు, ఆ పట్టు సడలిపోతుంది.

టాట్ ఒంటరిగా రాదండోయ్! మన కణంలోని సైక్లిన్ టీ1, సీడీకే9 ప్రోటీన్లను వెంటేసుకొస్తుంది. అవి ఆగిపోయిన ఎంజైమ్‌ను ముందుకు తోస్తాయి. ఇక 9 వేలకు పైగా అక్షరాల కాపీ పూర్తి!

ఈ పట్టును విడదీస్తే వైరస్‌ను నిద్రలోనే ఉంచొచ్చన్నది శాస్త్రవేత్తల ఆలోచన. డైడీహైడ్రో కార్టిస్టాటిన్ ఏ అనే పదార్థం టాట్‌లోని ఆ ఆర్జినిన్ భాగానికే అతుక్కుంటుంది. మనిషి కణాలు ఎక్కించిన ఎలుకల్లో, మందులు ఆపాక వైరస్ తిరిగి లేవడాన్ని ఇది ఆలస్యం చేసింది. అయితే ఇది ఇంకా ల్యాబ్ దశలోనే ఉంది. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే మాత్రలు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. వాటిని డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు.