గడియ తీయని కారు

బటన్ నొక్కితే డాష్‌బోర్డులో దీపాలు వెలుగుతాయి, పాటలు కూడా వస్తాయి. ఇంజన్ మాత్రం ఉలకదు, పలకదు. చుట్టూ చేరినవాళ్ళ మొదటి మాట "బ్యాటరీ డౌన్", రెండో మాట "సెల్ఫ్ మోటార్ పోయింది". రెండూ మార్చాక కూడా కారు అక్కడే ఉంటే, అప్పుడు ఎవరో ఒకరికి స్టీరింగ్ కాలమ్‌కి అతుక్కుని ఉన్న చిన్న డబ్బా గుర్తొస్తుంది. అదే ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్.

బైకు హ్యాండిల్ లాక్ మనందరికీ తెలుసు. హ్యాండిల్ ఒక పక్కకి తిప్పి తాళంచెవి తిప్పితే లోపల గడియ గాడిలో పడుతుంది. కారులోనూ అంతే, గడియ స్టీరింగ్ కాలమ్ గాడిలో పడుతుంది. బటన్ స్టార్ట్ కార్లలో తిప్పడానికి తాళంచెవే లేదు కాబట్టి ఆ పని చిన్న డీసీ మోటారు చేస్తుంది. మోటారు గేర్లను తిప్పుతుంది, గేర్లు గడియని జరుపుతాయి, గడియ ఎక్కడుందో లోపలి సెన్సర్ చెబుతుంది. అంటే సగం మెకానికల్ వాళ్ళ సబ్జెక్టు, సగం ఈసీఈ వాళ్ళది. రిపేరు దగ్గర తికమక కూడా అందుకే.

బటన్ నొక్కాక జరిగేది ఇది: ముందు కారు మీ జేబులోని కీని గుర్తుపడుతుంది, తర్వాత గడియ తీయమని మోటారుకి చెబుతుంది, "తీశాను" అని సెన్సర్ నుంచి జవాబు వచ్చాకే ఇగ్నిషన్ ఇస్తుంది. జవాబు రాకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. గడియ నిజంగా వచ్చేసినా సరే, సెన్సర్ నోరు విప్పకపోతే కారు నమ్మదు.

ఇంత మొండితనం ఎందుకు? షెవర్లే కార్వెట్ సీ5 సంగతి చూస్తే తెలుస్తుంది. 1997 నుంచి 2004 మోడల్ వరకు అమెరికాలో అమ్మిన స్పోర్ట్స్ కారు అది. దాని కాలమ్ లాక్ తీసుకోకపోతే "కీ తీసి 10 సెకన్లు ఆగు" అని డాష్‌బోర్డులో సందేశం వచ్చేది. అది వినోదంగానే ఉంది గానీ, కొన్ని పరిస్థితుల్లో లాక్ పడి ఉండగానే కారు స్టార్టయి కదిలే అవకాశం ఉండటం ప్రమాదం. 2004లో రీకాల్ చేశారు. కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి, స్టీరింగ్ లాకై ఉండగా కారు కదిలితే ఇంధనం ఆగిపోయేలా చేశారు. తిరగని స్టీరింగ్‌తో పరిగెత్తే కారు కంటే కదలని కారు నయం కదా! ఇప్పుడు మన బటన్ కారు మొరాయించడం వెనక ఉన్నదీ ఇదే లెక్క.

ఇక రిపేరు. మొదటిది ఫ్రీ. టైరు ఫుట్‌పాత్ గట్టుకి ఆనుకునో, చక్రాలు పక్కకి తిప్పో పార్క్ చేస్తే కాలమ్ మెలిపడి ఉంటుంది. ఆ మెలి మొత్తం గడియ పక్కన నొక్కుతుంది. ఊరికే లెక్కేద్దాం: కాలమ్ మీద 20 న్యూటన్ మీటర్ల టార్క్, గడియ కేంద్రం నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. పక్కబలం 1000 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే గడియని లాగడానికి 150 న్యూటన్లు కావాలి, అంటే దాదాపు 15 కిలోల బరువు ఎత్తినంత. బొమ్మ కారు మోటారు లాంటి దానికి అది కష్టమే. అందుకే ఒక చేత్తో స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ ఇంకో చేత్తో బటన్ నొక్కండి. గట్టిగా లాగొద్దు, మెలి వదిలితే చాలు.

తర్వాత బ్యాటరీ. కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12 కంటే దిగితే లాక్ మీద నింద వెయ్యకుండా ముందు చార్జ్ చెయ్యండి. దీపాలకి సరిపోయే కరెంటు మోటారుకి సరిపోకపోవచ్చు.

రెండూ కాదంటే చెవి పెట్టి వినాలి. బటన్ నొక్కగానే స్టీరింగ్ కింద "జుయ్"మని చిన్న శబ్దం వస్తే మోటారు బతికే ఉంది, గేరో, గడియో, సెన్సరో చూడాలి. శబ్దమే రాకపోతే ఫ్యూజు చూసి, లాక్ కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడాలి. మోటారుకి కరెంటు వచ్చేది ఒక్క క్షణమే, నెమ్మదిగా స్పందించే మీటరు దాన్ని పట్టుకోలేకపోవచ్చు. కరెంటు వస్తున్నా మోటారు తిరగట్లేదంటే దాని కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. మెర్సిడెస్ డబ్ల్యూ204 సీ క్లాస్ కార్లలో ఈ మోటారు చచ్చిపోవడం బాగా పేరుమోసిన జబ్బు.

స్క్రూడ్రైవర్ పిడితో ఆ డబ్బా మీద రెండు దెబ్బలు వేస్తూ బటన్ నొక్కితే కారు స్టార్టవుతుందని నిస్సాన్ 370జెడ్ ఓనర్లు చెప్పుకుంటారు. నిజమే, ఇరుక్కున్న బ్రష్ కదులుతుంది. అది రిపేరు కాదు, వాయిదా. అలా స్టార్టయితే ఆఫ్ చెయ్యకుండా నేరుగా వర్క్‌షాపుకే పోవాలి, మధ్యలో టీకి ఆగితే అంతే సంగతులు. లాక్ తెరిచి ఉండగా విప్పడం వేరు, పడి ఉండగా విప్పడం వేరు. పడి ఉంటే గడియ కాలమ్‌లో ఉంటుంది. పైగా దొంగలు విప్పకుండా చాలా కంపెనీలు బిగించాక తల తెగిపోయే బోల్టులు వాడతాయి. వాటిని డ్రిల్ చేసో, గాడి కోసో తీయాలి. కవరు విప్పే ముందు బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, ఎందుకంటే మీ ముఖం ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

"గడియ తెరిచి ఉన్నప్పుడు ఫ్యూజు పీకేస్తే పీడ పోతుంది" అనే సలహా కూడా వినిపిస్తుంది. కొన్ని మోడళ్ళలో పని చేస్తుంది, కొన్నిట్లో ప్రతిసారీ జవాబు అడిగే కారు అసలు స్టార్టే కాదు. లాక్ బదులు "తీశాను" అని జవాబిచ్చే ఎమ్యులేటర్లు కూడా దొరుకుతాయి. గడియని పూర్తిగా బయటికి తీసేశాక ఎమ్యులేటర్ పెడితే నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఇమ్మొబిలైజర్ ఎలాగూ కాపలా ఉంటుంది. అమెరికా నిబంధన కూడా 1970 నుంచి స్టీరింగో, కారు ముందుకు కదలడమో, ఏదో ఒకటి ఆపితే చాలంటుంది. కానీ గడియని లోపలే వదిలి సెన్సర్ వైర్లు మాత్రం జంపర్ చేసే మెకానిక్‌కి కారు ఇవ్వొద్దు. కార్వెట్‌లో భయపడింది సరిగ్గా దానికే.

కొత్త యూనిట్ వేస్తే ఆ కారు ఇమ్మొబిలైజర్‌తో దాన్ని జత చెయ్యాలి. పాత కారు నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ యూనిట్ చవగ్గా దొరికినా, అది పాత యజమాని కారునే గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. డబ్బులు ఇచ్చే ముందే అది ఈ కారుకి ప్రోగ్రామ్ అవుతుందో లేదో, ఆ ఖర్చు కలిపి మొత్తం ఎంతవుతుందో అడగండి. మోటారు ఒక్కటే మారిస్తే సరిపోతుందా అని కూడా అడగండి.