బస్తర్ బడిలో పరాయి పలుకు

జగదల్‌పూర్: ఇంట గోండి, హల్బీ, దోర్లీ పలికే బస్తర్ ఆదివాసీ బాలలకు బడిలో ఎదురయ్యేది హిందీ. ఇటీవల స్థానిక భాషలలో ద్విభాషా పుస్తకాలు వెలువడినప్పటికీ బోధన ప్రధానంగా హిందీలోనే సాగుతోంది. అక్షరమూ, భాషా రెండూ కొత్తవే కావడంతో పలువురు తొలి తరగతులలోనే వెనుకబడుతున్నారు.

2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత సమస్య మరింత జటిలమైంది. దక్షిణ బస్తర్‌లో అనేక బడులు ధ్వంసం కాగా, వాటికి బదులు వెదురు, ప్లైవుడ్‌లతో 'పోర్టా క్యాబిన్' ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి. వేలాది మంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చారు. ఆ పిల్లలకు అటు హిందీ, ఇటు తెలుగు బడిభాషలయ్యాయి.

ఇతర దేశాల అనుభవం గమనార్హం. బొలీవియా 1994 విద్యా సంస్కరణ చట్టంతో కెచువా, ఐమారా, గ్వారానీ భాషలకు తరగతి గదిలో స్థానం కల్పించింది. 800కు పైగా భాషలున్న పాపువా న్యూగినీ 1990వ దశకంలో తొలి మూడేళ్ల చదువును స్థానిక భాషలలో ప్రవేశపెట్టి, 2013లో తిరిగి ఆంగ్లం వైపు మళ్లింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సైతం 2004లో గోండి, కోయ సహా 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన చేపట్టింది. కాగా, 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 29.8 లక్షల మంది మాతృభాష అయిన గోండికి రాజ్యాంగం 8వ షెడ్యూలులో చోటు లేదు.

సాధ్యమైన చోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం సూచిస్తోంది. అయితే పిల్లల మాట తెలిసిన ఉపాధ్యాయుడు బడికి రానిదే ఆ సూచన కాగితం దాటదు.