బృహద్ధమని వాపు: ఆపరేషన్‌తో అయిపోదు

గుండె నుంచి బయల్దేరి ఛాతీ మీదుగా ఒంటికంతా రక్తం అందించే పెద్ద నాళం బృహద్ధమని. అది ప్రమాదకరంగా ఉబ్బితే సర్జన్లు ఆ భాగాన్ని కోసి, డాక్రాన్ గొట్టం కుడతారు. తీసిన ముక్క ఫార్మలిన్ సీసాలో పేథాలజీ విభాగానికి వెళుతుంది. ధమని గోడలో వాపుజబ్బు, అంటే అయోర్టైటిస్, ఉన్నట్టు కొందరికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. గుండె ఆపరేషన్ల కోసం ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి విశాఖకు వచ్చే కుటుంబాలు ఈ విషయాలు తెలుసుకోవాలి.

అపోహ: జబ్బు ఉంటే ముందే జ్వరమో నొప్పో వస్తుంది, రక్తపరీక్షలో పట్టుబడుతుంది.
వాస్తవం: చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మామూలుగానే ఉండొచ్చు. అందుకే తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూడటం తప్పనిసరి.

అపోహ: స్టీల్‌ప్లాంటు పొగ, పోర్టు దుమ్మే దీనికి కారణం.
వాస్తవం: దుమ్ము, పొగ గుండెకూ ఊపిరితిత్తులకూ చేటే. కానీ ఈ వాపుకు తెలిసిన కారణాలు వేరు. రోగనిరోధక వ్యవస్థ సొంత రక్తనాళాల మీదే దాడి చేయడం ఒకటి, క్షయ, సిఫిలిస్ లాంటి ఇన్‌ఫెక్షన్లు మరొకటి.

అపోహ: ఇది ముసలివాళ్ల జబ్బు.
వాస్తవం: ఈ వాపు తెచ్చే జబ్బుల్లో జయంట్ సెల్ ఆర్టరైటిస్ 50 దాటినవాళ్లకు వస్తుంది. టకయాసు వ్యాధి మాత్రం ఎక్కువగా 40 ఏళ్లలోపు ఆడవాళ్లకే. 1908లో జపాన్ కంటి వైద్యుడు మికితో టకయాసు దీన్ని ఒక యువతి కంటి రక్తనాళాల్లో గమనించారు. మన దేశంలోనూ ఇది ఉంది. చిన్న వయసులో బీపీ పెరిగినా, ఒక చేతి నాడి సరిగా అందకపోయినా రెండు చేతులకూ బీపీ చూపించుకోవాలి.

అపోహ: ఉబ్బిన భాగం తీసేశారు కాబట్టి జబ్బు పోయింది.
వాస్తవం: మిగిలిన ధమనిలో కొన్నేళ్ల తర్వాత కూడా కొత్త ఉబ్బు రావచ్చు. కుట్లు వేసినచోట గోడ బలహీనపడొచ్చు. డాక్టరు చెప్పిన గడువుల్లో సీటీ లేదా ఎంఆర్ఐ జీవితాంతం చేయించుకోవాలి.

అపోహ: వాపు అన్నారంటే వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెట్టాల్సిందే.
వాస్తవం: ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చాలి. ఉంటే స్టెరాయిడ్ దాన్ని ముదరబెడుతుంది. వాపు ఆ ఒక్క చోటే ఉంటే కొందరిని మందుల్లేకుండా గమనిస్తూ ఉంటారు. ఇప్పటికే స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఆపరేషన్ ముందు వాటిని సొంతంగా మానకూడదు. మత్తు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

అపోహ: మెథోట్రెక్సేట్ రాశారంటే క్యాన్సరే.
వాస్తవం: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో రూపొందించిన మందు ఇది. క్యాన్సర్‌కు వాడే మాట నిజమే. తక్కువ మోతాదులో టకయాసు లాంటి వాపుజబ్బులకూ ఇస్తారు. వీటికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం.

బయాప్సీ రిపోర్టు చాలాసార్లు డిశ్చార్జి అయ్యాకే వస్తుంది. ఇంటికి వెళ్లిపోయాం కదా అని వదిలేయకండి. అడిగి తీసుకోండి, సర్జన్‌తో పాటు రుమటాలజిస్టుకూ చూపించండి, ఫైల్లో భద్రంగా పెట్టుకోండి. మీకు ఇక ముందు జరగాల్సిన వైద్యం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.