మూగజీవి నొప్పి

కాకినాడ జిల్లాలో రత్నగిరి పాదమున, పంపానదీ తీరమున అన్నవరము కలదు. శ్రీ సత్యనారాయణస్వామి వ్రతములకు ఈ క్షేత్రము ప్రసిద్ధి. కొండ దిగి చుట్టుపట్ల పల్లెలకు వెళ్లినచో వరిచేలును, పశువుల పాకలును కానవచ్చును. అచ్చటి రైతునకు లేగదూడ ఇంటి బిడ్డ వంటిది. అయినను ఆ బిడ్డకు నొప్పి కలిగించు పనులను కొన్నింటిని అతడు చేయింపవలసివచ్చును.

పాకలో ఆవులు ఒకదానినొకటి పొడుచుకొనకుండుటకు సంకరజాతి దూడల కొమ్ము మొలకలను కాల్చుదురు. నాగలికిని బండికిని కట్టదలచిన కోడెదూడకు ముక్కు కుట్టి ముకుతాడు వేయుదురు. అది సాధువగుటకు విత్తులు కొట్టింతురు. పూర్వము ఈ పనులను దూడను పడవేసి, కాళ్లు బంధించి, మత్తుమందు లేకయే చేసెడివారు. కొంతసేపటికి దూడ లేచి నిలిచినచో నొప్పి తీరినదని తలచెడివారు. “ఎద్దుపుండు కాకికి నొప్పా?” అను సామెత ఇట్టివారికి చక్కగా తగును.

మనుష్యునకు వలెనే పశువునకును గాయపు వార్తను మెదడునకు చేర్చు నరములు కలవు. కాని క్రూరమృగములకు ఆహారమగు జాతులు తమ బలహీనతను దాచుకొనును. కావున దూడ అరవనంత మాత్రమున దానికి నొప్పి లేదని తలపరాదు. నొప్పిగల దూడ చెవులను మాటిమాటికి ఆడించును, తల విదిలించును, పాలు సరిగా త్రాగదు, తోడి దూడలకు దూరముగా నిలుచును. ఇదియే దాని భాష.

ఈ నొప్పిని తగ్గించు ఉపాయములు నేడు కలవు. మొదటిది వయస్సు. సుమారు రెండు నెలల లోపున కొమ్ము మొలక చర్మమునందే యుండును. పిమ్మట పుఱ్ఱెయెముకకు అతుకుకొనును. కావున చిన్ననాడే కాల్చినచో గాయము చిన్నదగును. రెండవది మత్తుమందు. కంటి చివరకును కొమ్ము మొదలునకును నడుమ నున్న నరము చెంత పశువైద్యుడు లిగ్నోకైను మందును సూదితో ఎక్కించును. కొన్ని నిమిషములు ఆగి, సూదిమొనతో తాకి, స్పర్శ లేదని తెలిసికొనిన పిమ్మటనే కాల్చును.

అయితే ఆ మత్తు ఒకటి రెండు గంటలలో విడిపోవును. అప్పుడు కాలిన గాయము మంట పెట్టును. అందుచేత మెలాక్సికాము వంటి నొప్పినివారిణిని కూడ ఇత్తురు. దాని గుణము ఒక దినమునకు మించి నిలుచును. పూర్వము డైక్లోఫెనాక్ అను మందును వాడెడివారు. ఆ మందు వాడిన పశువు చనిపోగా, దాని కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి మరణించెను. అందువలన 2006లో మన దేశమున పశువైద్యమునందు దానిని నిషేధించిరి. మెలాక్సికాము రాబందులకు హాని చేయదు.

విత్తులు కొట్టుటకు నేడు బర్డిజో అను పట్టుకారును వాడుదురు. ఇటలీ దేశపు పశువైద్యుడొకడు దీనిని కల్పించెను. ఇది చర్మమును తెగనీయక లోపలి త్రాడును నలుపును, నెత్తురు కారదు. నెత్తురు కారనంత మాత్రమున నొప్పి లేదనుట పొరపాటు. దీనికిని మత్తుమందు అవసరమే.

1960లో చేయబడిన జంతుహింసా నివారణ చట్టము ఈ పనులను నిర్ణీత పద్ధతిలో చేసినచో హింసగా ఎంచదు. ఆ పద్ధతిని వివరించు నియమములు మాత్రము 2023లో వెలువడినవి. వాని ప్రకారము ఇట్టి పనులయందు పశువైద్యుడును, మత్తుమందును ఉండవలెను.

ఇందు బాలబాలికలు చేయదగిన పనియు కలదు. మందు వేయుట వైద్యుని వంతు. దూడను తల్లిచెంత నీడపట్టున కట్టుట, గాయముపై ఈగలు వ్రాలకుండ చూచుట, పాలు త్రాగుచున్నదో లేదో గమనించి పెద్దలకు తెలుపుట వారి వంతు. నోరులేని జీవి తన బాధను చెప్పుకొనలేదు. దాని చెవుల కదలికను చూచి ఆ బాధను తెలిసికొనగలవాడే నిజమైన గోపాలకుడు.